గట్టి ఫ్యూజు

ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె వేసుకోవాలంటే ముందు గోడ తట్టాలి. గరిటె కాడతో ఒక దెబ్బ కొడితే ఇస్త్రీపెట్టె, రెండు కొడితే నీళ్ల హీటరు. అవతలి నుంచి బదులు దెబ్బ వినిపించాకే స్విచ్ వేయాలి. రెండు వైపులా ఒకేసారి వేశారా, ఫ్యూజు పోయినట్టే. అన్నదమ్ములు ఇంటిని రెండుగా చీల్చి మధ్యలో గోడ కట్టుకున్నారు గానీ, ఆ గోడకంటే ఎంతో ముందు పుట్టిన కరెంటు తీగల్ని చీల్చడం ఎవరి తరమూ కాలేదు. మీటరూ ఫ్యూజుపెట్టే అన్నగారి వాటాలో ఉండిపోయాయి. వాటాల మీద కోర్టులో కేసు నడుస్తోంది, వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇక ఆడవాళ్లే ఈ గరిటె భాష కనిపెట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు.

చిన్నకోడలికి మొదట్లో అది నవ్వులాటగానే ఉండేది. భర్త ఊపిరితిత్తులు మొరాయించి, మంచం పక్కన ఆక్సిజన్ మిషను వచ్చి కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. కరెంటు ఉన్నంతసేపే ఆ మిషను ఆయన ముక్కుకు గాలి అందిస్తుంది. ఆగితే సిలిండరు తగిలించాలి, అది ఎంతోసేపు రాదు. ఇన్వర్టరు కూడా తెప్పించింది. ఆ పాత తీగలకు కలపగానే బోర్డులోంచి చిటపటమని రవ్వలు లేచాయి. దాన్ని తెచ్చిన దుకాణంవాడే మళ్లీ పట్టుకుపోయాడు.

ఒక మధ్యాహ్నం అవతలింటికి చుట్టం వచ్చింది. పాపం, ఆవిడకి గరిటె భాష రాదు. స్నానానికని హీటరు వేసుకుంది. ఇవతల మిషను కీచుమని ఆగిపోయింది.

చిన్నకోడలు సిలిండరు తగిలించి, వీధిలోకి పరిగెత్తి, చుట్టూ తిరిగి బావగారి గుమ్మం దగ్గర బెల్లు నొక్కింది. కరెంటే లేనప్పుడు బెల్లు మోగుతుందా, తన బుద్ధి తగలెయ్య! తలుపులు బాదితే గానీ ఇంట్లోవాళ్లు మధ్యాహ్నపు కునుకులోంచి లేవలేదు. ఫ్యూజు వేయించి ఆమె తిరిగొచ్చేసరికి సిలిండరు గొట్టం ఊడిపోయి ఉంది. ఆయన పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. మిషను నడిచి ఊపిరి అందాక కూడా, మంచం అంచు పట్టుకున్న ఆయన వేళ్లు విడదీయడానికి కాసేపు పట్టింది.

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. అతను స్విచ్‌బోర్డు విప్పి తీగను వేళ్లతో నలిపాడు. పైతొడుగు ఉల్లిపొట్టులా రాలింది.

"అమ్మా, దీనికి మీకంటే వయసెక్కువ."

"వెటకారాలు తర్వాత. దారి చెప్పు బాబూ."

"దారేముంది? మీటరు దగ్గర్నుంచి మొత్తం పీకి కొత్తది లాగాలి. రెండు వాటాల్లోనూ గోడలు కొట్టాలి. ఎర్తు తీగయితే మధ్యగోడ కట్టిన రోజే తెగ్గొట్టినట్టున్నారు, ఎక్కడా లేదు."

"మా వైపు ఒక్కటీ మార్చలేవా?"

"మీకొచ్చే కరెంటు వాళ్ల గోడల్లోంచే కదమ్మా వచ్చేది. వేరే మీటరు పెట్టిద్దామంటే ఇల్లు కేసులో ఉంది, ఎవరిస్తారు?" స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "మీ మగవాళ్లు కూడా గరిటెలు పుచ్చుకుని మాట్లాడుకుంటే ఈపాటికి తేలిపోయేది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు పోతోందని తిట్టుకుంటున్నారు గానీ, ఈ ఇల్లు ఇంకా అంటుకోలేదంటే దాని పుణ్యమే."

సాయంత్రం ఆమె బావగారి వసారాలో నిలబడింది. తీగలు మార్పించుకుంటామంది, గోడలు మళ్లీ నున్నగా పూయిస్తామంది.

"కుదరదమ్మా," అన్నాడాయన పేపరు మడుస్తూ. "కేసు తేలేదాకా ఇల్లు ఉన్నదున్నట్టు ఉండాలని కోర్టు చెప్పింది. నేను మేకు కొట్టినా మీ లాయరు నా పీక పట్టుకుంటాడు."

"మేమేమీ అనం బావగారూ. కాగితం మీద రాసిస్తాం."

"వాణ్ని ముందు సంతకం పెట్టమను, చూద్దాం."

ఇంటికొచ్చి చెబితే భర్త గొట్టం సర్దుకుంటూ, ఆగి ఆగి అన్నాడు. "ముందు నేనా? పెద్దవాడు ఆయన. ఆయన్ని పెట్టమను."

"ఊపిరి మీది కదండీ."

"ఊపిరి పోతే పోయింది. ఆయన ముందు తల వంచను."

ఆ కాగితం బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆమె రెండు వైపులా తిరిగి తిరిగి, బతిమాలడానికి కొత్త మాటలు దొరక్క ఊరుకుంది.

వారం తిరక్కుండానే ఫ్యూజు మళ్లీ పోయింది. ఈసారి ఎవరూ ఏమీ వేయలేదు, ఊరికే పోయింది. సిలిండరు తగిలిస్తూ ఆమె పెట్టిన అరుపులకు బావగారే బయటికొచ్చాడు. ఇవతలి కిటికీ దాకా వచ్చి లోపలికి చూశాడు. తమ్ముడు తలగడల మధ్య గాలి కోసం నోరు తెరిచి కొట్టుకుంటున్నాడు. ఆయన ఒక్క క్షణం నిలబడి, గబగబా వెనక్కి వెళ్లిపోయాడు. కరెంటు వచ్చింది.

పొద్దున్నే ఆమెను పిలిచి ఫ్యూజుపెట్టె చూపించాడు.

"ఇక పోదమ్మా. ఆ సన్న తీగ పారేసి, లావుపాటి రాగి తీగ రెండు పేటలు మెలేసి కట్టాను. ఏనుగు లాగినా తెగదు."

ఆమె ఆ తీగనే చూస్తూ అంది. "బావగారూ, అది తెగడమే మంచిదట. తెగకపోతే గోడల్లో తీగలు కాలి..."

"మంచిదా? వాడికి ఊపిరాడకపోవడం మంచిదా?" ఆయన ఫ్యూజుపెట్టె తలుపు మూసేశాడు. "నిన్న చూశానమ్మా. వాణ్ని భుజాల మీద మోసినవాణ్ని నేను."

"ఊరుకో చెల్లీ," అంది పెద్దకోడలు, వెనకనుంచి మెల్లగా. "ఇన్నేళ్లకి ఈయన తమ్ముడి కోసం ఒక పని చేశారు. దాన్నీ కాదనకు."

పాత ఫ్యూజు వేయమంటే, మళ్లీ పోయిన రోజున తలుపు తీసేలోపు ఏమవుతుందో ఆమెకు తెలుసు. వేయమనకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

"మంచిదండీ," అంది.

ఆ రోజు నుంచి ఎవరూ గోడ తట్టలేదు. అవతల హీటరూ, ఇస్త్రీపెట్టే, కొత్తగా కొన్న కరెంటు పొయ్యీ అన్నీ ఒక్కసారే నడుస్తున్నాయి. ఇవతల మిషను గురగురమంటూ ఒక్క నిమిషం ఆగడం లేదు.

"అన్నయ్యే కట్టాడా?" అని భర్త మళ్లీ మళ్లీ అడిగాడు. "చూశావా, ఎంతైనా అన్నయ్య." కాగితం సంగతి ఆమె ఎత్తబోతే, "ఇంకా దాంతో పనేముంది?" అన్నాడు. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

దుప్పటి సర్దుతుంటే ఆమె మోచెయ్యి గోడకు తగిలింది. ఎండ ఎన్నడూ పడని గోడ, జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. అరచేత్తో తడుముతూ వెళ్లింది. ఆ వెచ్చదనం స్విచ్‌బోర్డు నుంచి సన్నని గీతలా అవతలి వాటా వైపుగా, చెయ్యి అందనంత ఎత్తుకు పోయింది.

ఆయన లేవకుండా మిషన్నీ మంచాన్నీ మెల్లగా గోడకు దూరంగా లాగింది. మిషను వైరు బిగుసుకుంది. అంతకంటే రాలేదు.