సుద్దకొండ మీద పిక్నిక్

విమలకుమారి పెరుగన్నంలోంచి ఆవాలు ఏరి తీసేస్తోంది. నోటికి తగిలితే మాయ ఉమ్మేస్తుంది. నాలుగేళ్ల ఆ పిల్ల ఆమె కుర్తా అంచు పట్టుకుని కాళ్ల చుట్టూ తిరుగుతోంది.

"త్వరగా ఆంటీ, కొండ మీద నీడ ఉండదు," అంది మాయ తల్లి పద్మజ. ఆవేళ ఆమె గొంతు ఎప్పటికన్నా మెత్తగా ఉంది.

విమలకుమారికి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. బ్లీచ్ నీళ్లలో నానీనానీ వేళ్ల చివర్లు పగిలిపోయాయి. భర్త ఓక్లహోమాలో మోటెల్ చూసుకున్నన్నాళ్లూ ఆమె అక్కడి గదుల్లో పక్కదుప్పట్లు మార్చింది. పిల్లలు లేరు. ఆయన పోయాక డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఉంటూ పిల్లల్ని పెంచుతోంది. పిల్లలు బడికి వెళ్లే వయసు రాగానే ఆమె ఇల్లు మారేది. మాయను మాత్రం ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే చేతుల్లోకి తీసుకుంది.

ఊరికి దక్షిణాన ఉన్న ఆ కొండ ప్రభుత్వం కాపాడుతున్న గడ్డినేల. పైన మన్ను పల్చగా ఉంది, కిందంతా తెల్లటి సుద్ద. మోకాలెత్తు గడ్డి ఎర్రబారి, గాలికి ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తోంది.

"ఇదంతా ఒకప్పుడు సముద్రమంట ఆంటీ," బోర్డు చదివి చెప్పాడు మాయ తండ్రి లోకేష్. "గడ్డి తొక్కకూడదంట, దారిలోనే నడవండి."

ఎప్పుడూ లేనిది తిండి సంచీ ఆయనే మోశాడు. విమలకుమారి చేతులూపుకుంటూ, సిగ్గుపడుతూ నడిచింది.

కొండ మీద మాయ జారిపడింది. మోకాలు చీరుకుపోయింది. పద్మజ కూర్చుని చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల పక్కనుంచి పరుగెత్తి, "అమ్మా!" అంటూ విమలకుమారి ఒళ్లో పడింది.

"దించండి ఆంటీ. నా దగ్గరికే రావాలి."

"రక్తం కారుతోందమ్మా, తుడిచేసి..."

"దించండి. చేతులు వెనక్కి పెట్టుకోండి."

పెట్టుకుంది. మాయ ఆమె కాళ్లు వాటేసుకుంది. తల్లి ఆ చిన్నవేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. పిల్ల ఏడ్చిఏడ్చి వాంతి చేసుకుని, చివరికి తల్లి భుజం మీద వెక్కుతూ ఊరుకుంది. అంతసేపూ విమలకుమారి గడ్డి వైపు తిరిగి నిలబడింది.

తిరుగుదారిలో, కారు వెనకసీట్లో మాయ నిద్రపోయింది. తల వాలిపోతుంటే విమలకుమారి తన నీలం చున్నీ మడతపెట్టి కింద ఉంచింది. కారు ఇంటికి పోలేదు. బస్‌స్టేషన్ ముందు ఆగింది.

"మండే నుంచి మాయను డేకేర్‌లో వేస్తున్నాం ఆంటీ," వెనక్కి తిరక్కుండా అన్నాడు లోకేష్. "తుల్సాలో మీ మరిదిగారితో మాట్లాడాను. బస్ బుక్ చేశాను. మీ సూట్‌కేస్ ట్రంక్‌లో ఉంది."

"నా బట్టలెవరు సర్దేరు బాబూ?"

"మేమే. మీరు కిచెన్‌లో ఉన్నప్పుడు."

"ఒక్క మాట ముందు చెప్పుంటే..."

"చెప్తే మీరు ఏడుస్తారు, పాపకి తెలిసిపోతుంది," అంది పద్మజ. "లేపకుండా దిగండి, ప్లీజ్."

విమలకుమారి పిల్ల పాదం వైపు చెయ్యి చాచింది.

"ఆంటీ!"

చెయ్యి వెనక్కి తీసుకుంది. చున్నీ లాగితే పాప లేస్తుందని అలాగే వదిలి దిగింది. చప్పుడు కాకుండా తలుపు మూసింది.

సూట్‌కేస్‌తో బస్సెక్కి, అది కదలబోతుంటే కిటికీలోంచి చూసింది. కారు ఇంకా అక్కడే ఉంది. పద్మజ వెనకతలుపు తీసి, మాయ తల కింద చెయ్యి పెట్టి, నెమ్మదిగా చున్నీ లాగేసి, రెండు వేళ్లతో పట్టుకుని స్టేషన్ గోడవారకు నడిచింది. తరవాత కారు వెళ్లిపోయింది.

చెత్తడబ్బా అంచు మీద నీలం చున్నీ సగం లోపలికీ సగం బయటికీ వేలాడుతోంది. పాప చొంగ అంటినచోట ఇంకా తడిగా, ముదురుగా ఉంది.