తలుపు కాలు, గిట్ట కాలు

నూలు కండె నిండింది. సోమక్క దాన్ని కదురు నుంచి ఊడదీసి బుట్టలో వేసి, ఖాళీ కండె తొడిగింది. రాట్నం మళ్ళీ తిరిగింది. చేయి నూలు మీద ఉంది గాని చెవి వీధి మీద ఉంది. కొత్తవాడలో తెల్లారితే ఇంటింటా మగ్గం మోగుతుంది. ఆ మోతలో కూడా ఆమెకు ఒక చప్పుడు విడిగా వినబడుతుంది. టక్. తర్వాత ఏమీ ఉండదు. మళ్ళీ టక్.

మొగుడు సారంగపాణి చాయ తాగి వస్తున్నాడు. టక్కుమన్నది ఎడమ కాలు. నడుమ వినబడనిది కుడి కాలు.

కీళ్ళవాతం ఆయనను నలభై ఏళ్ళకే పట్టింది. జంపఖానాలు నేసి నేసి భుజాలు దూలాల్లా ఉండేవి, వాటి కింద కాళ్ళు మాత్రం ఎండిన కందికట్టెల్లా అయిపోయాయి. ఎమర్జెన్సీ నాడు డాక్టర్ కిషన్ రావు ఎడమ మోకాలు తీసి ఇనుప మోకాలు పెట్టాడు. దాంతో కొన్నేళ్ళు మగ్గం నడిచింది. తర్వాత కుడిది కూడా పాడై మగ్గం ఆగింది. ఈ వానాకాలం మొదట్లో దానికీ కొత్తది పెట్టారు, కాని ఇంకో రకం. రెండు మోకాళ్ళ మీదా నిలువునా జెర్రి పాకినట్టు కుట్ల గుర్తులు.

దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నేల మీద కూర్చోవద్దు. నేతగాడు కూర్చునేది నేల మీదనే. ఇంటికి వచ్చాక మగ్గం గుంట మీది పలకలు తీయనే లేదు. సగం నేసిన జంపఖానా రెండేళ్ళుగా పాత ధోవతి కింద ఉంది. శుక్రవారం శుక్రవారం సోమక్క దాని దుమ్ము దులుపుతుంది.

గడప బయట బండెడు మొరం కుప్ప పోసి ఉంది. పొద్దు గూకేలోపు గుంట పూడ్చాలని సోమక్క తమ్ముడు యాకయ్య పార పట్టుకొని వచ్చాడు.

"పూడిస్తే రెండు మంచాలు పడ్తయక్కా."

"పడ్తయి," అంది సోమక్క. రాట్నం ఆపలేదు.

సారంగపాణి మొరం కుప్ప పక్కనుంచి దాన్ని చూడనట్టే లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వారం కింద మొరం దిగినప్పటి నుంచి ఆయన నోరు విప్పలేదు.

అప్పుడే స్కూటరు ఆగింది. కిషన్ రావు. ఆదివారం కూడా వచ్చాడంటే కారణముంది. ఈ కొత్త రకం ఆయన తన చేత్తో పెట్టడం ఇదే మొదలు. అది ఎంత వంగుతుందో తన కళ్ళతో చూసుకోవాలి.

"ఏం పాణీ, ఎట్లుంది?"

సారంగపాణి తల ఊపాడు. యాకయ్య ఊరుకోలేదు. "మా బావయి రెండు కాళ్ళు రెండు కంపెనీలయి సారు. ఒకటి అత్తగారింటికి పోదామంటే ఇంకోటి వద్దంటది."

డాక్టరు నవ్వి జేబులోంచి రుమాల్లో చుట్టిన రెండు ఇనుప మోకాళ్ళు తీశాడు. "సోమక్కా, ఆయన కాళ్ళల్ల ఏం పెట్టిన్రని ఆ రోజు అడిగినవ్ గద. ఇగో, ఇసొంటియే."

ఒకటి, ఎడమ మోకాలి రకం, తలుపు బందులాగే ఉంది. రెండు ముక్కలు, మధ్యలో చీల. సోమక్క వేలితో తోస్తే వంగింది, లాగితే చాపుకుంది. వెనకా ముందే తప్ప పక్కకు జరగదు. రెండోది, కుడి మోకాలి రకం, చిత్రంగా ఉంది. మేక గిట్టలా రెండుగా చీలిన నున్నటి ఇనుము, దాని కింద తెల్లటి గట్టి పలక. ఆ రెంటినీ కలిపే చీల లేదు, కట్టు లేదు. చేతిలోంచి పలక జారి కింద పడబోయింది.

"ఇది కట్టకుండ ఎట్ల నిలవడ్తది సారు?"

"పెద్ద నరాలను కొయ్యకుంట కాపాడినం. నీ మొగని నరాలే దానికి కట్లు. అవి పట్టుకుంటనే అది మోకాలు. లేకుంటే ఉత్త ఇనుమే. ఈ తలుపు బందసొంటిది అట్ల కాదు. దాని చీలనే దాన్ని పట్టుకుంటది."

సోమక్క గిట్టను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. మగ్గం మీది పడుగు గుర్తుకొచ్చింది. విప్పి పడేస్తే నూలు కుప్ప. లాగి కడితే మనిషి చేత్తో బాదినా చెదరదు. తన మొగుడి కాల్లో కూడా ఎవరో అట్లా పడుగు పోసి ఉంచారు. ఇన్నేళ్ళు ఆ కాళ్ళకు నూనె రుద్దింది, అది తెలియనే లేదు.

కిషన్ రావు నిలబడి నేల మీది పలకల వైపు చూశాడు. "ఇదేంది?"

"మగ్గం గుంట సారు. మీరు నేల మీద కూసోవద్దన్నరని పూడుస్తున్నం," అన్నాడు యాకయ్య.

"ఒకసారి తియ్యిన్రి."

పలకలు లేచాయి. రెండేళ్ళ చీకటి వాసన వచ్చింది. కింద రెండు తొక్కుడు చెక్కలు, గుంట అంచున అరిగిపోయిన కూర్చునే చోటు. డాక్టరు గుంటలోకి వంగి చూసి నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు.

"కాళ్ళు కిందికి ఏలాడ్తయి గదనయ్యా! ఇది కుర్చీ. బాసింపట్టు వద్దన్న, గొంతుకూసునుడు వద్దన్న. కుర్చీ వద్దన్ననా?"

సారంగపాణి లేచాడు.

యాకయ్య దూలానికి తాడు కట్టాడు. దాన్ని పట్టుకొని సారంగపాణి స్టూలు మీంచి అంచు మీదికి జరిగి, కాళ్ళు గుంటలోకి దించాడు. సోమక్క స్టూలు కదలకుండా పట్టుకుంది. ఇప్పుడు కాకపోతే ఇక కాదు, బయట మొరం ఉండనే ఉంది.

టక్. తలుపు కాలు తుంటి నుంచి మొత్తం లేచి, దబ్బున చెక్క మీద పడింది. పడుగు నోరు తెరిచింది. కండె పెట్టిన నాడె విసిరాడు, దారాల మధ్యనుంచి పోయింది. పోగును అదిమే మగ్గం పలక బాదాడు. ఇప్పుడు కుడి కాలు. చెక్క సగమే దిగింది. నాడె దారాల్లో ఇరుక్కుంది.

సారంగపాణి నుదుట చెమట పట్టింది. నాడె తీసి మళ్ళీ చేతిలో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో గిట్ట కాలు మెల్లగా కదిలింది. కొద్దిగా లోపలికి తిరిగింది, చెక్కను వెతుక్కుంది, దొరికించుకుంది, దిగింది. చప్పుడే లేదు. నాడె చేపలా అటు పోయింది.

డాక్టరు కోణం కొలిచే పట్టీ తెచ్చుకున్నాడు. అది చేతిలోనే ఉంది. ఆయన గుంట దగ్గర వంగి, గుడిలో గర్భగుడి ముందు నిలబడ్డ మనిషిలా చూస్తూ ఉండిపోయాడు.

"ఏమే, కండె ఇయ్యి," అన్నాడు సారంగపాణి. ఎన్నో రోజుల తర్వాత మొదటి మాట.

ఆ సాయంత్రం మొరం వీధి గుంతల్లోకి పోయింది.

ఆ తర్వాత ఆయన నేస్తూనే ఉన్నాడు. ఏళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం సోమక్క కండె చుడుతుంటే లోపల టక్కుమంది. తర్వాత ఏమీ వినబడలేదు. అది కుడి కాలు వంతు, దానికి చప్పుడుండదు. మగ్గం పలక బాదుతాడని చూసింది. ఇంకో టక్ కోసం చూసింది. కండె నిండి నూలు పొంగి పొర్లేదాకా చూసింది.

బూడిద ఎత్తిన రోజు యాకయ్య తువ్వాలలో రెండు ఇనుములు మూటగట్టి తెచ్చాడు. తెల్ల పలక కరిగిపోయింది. గిట్ట నల్లబడింది. తలుపు మాత్రం చీలతో సహా అట్లాగే ఉంది.

"అక్కా, గోదారిల కలిపే బొక్కలల్ల వీటిని గూడ వెయ్యాల్నా? బొక్కలా, ఇనుమా?"

సోమక్క గిట్టను తీసి ఎముకల కుండలో పెట్టింది. "ఇది ఆయన నరాల మీద బతికింది. నరాలు పోయినంక ఇదెందుకు? ఆయనతోనే పోనీ."

తలుపును ఇవ్వలేదు.

గుంట అంచున, ఆయన కూర్చుని అరిగిన చోట అది ఉంది. ఎవరు వేలితో తోసినా వంగుతుంది, టక్కుమంటుంది.