గడ్డి లారీ, ఇనప లారీ

లక్ష్మీతులసి మూడు వారాలుగా ఒక రోబోని కొనలేక సతమతమవుతోంది.

అది కంప్యూటర్ ఆటలో రోబో. తాటిచెట్టంత ఎత్తు, ఒంటినిండా ఫిరంగులు. ఆటలో గెలిచినప్పుడల్లా వచ్చే కాయిన్లు కూడబెట్టుకుని దాన్ని కొనుక్కోవాలి. పది నెలలు ఆడితే ఒక్కదానికి సరిపడా పోగయ్యాయి. ఒక్కదానికే. కొన్నాక నచ్చలేదంటే వెనక్కి తీసుకోరు. అందుకని రోజూ పొద్దున్నే అమలాపురం గడియారస్తంభం దగ్గర తను పనిచేసే నెట్ సెంటర్ షట్టరెత్తడం, ఆరు కంప్యూటర్ల మీదా దుమ్ము తుడవడం, మొదటి గిరాకీ వచ్చేలోగా ఆటలోని కొట్టు తెరిచి రోబోల వంక చూడడం, మళ్ళీ మూసెయ్యడం. రెండువేల ఎనిమిది వేసవంతా ఇలాగే గడిచేటట్టుంది.

"ఏమండీ తులసిగారూ, తేల్చేరా?" అని శుక్రవారం పొద్దున్న ఉదయ్ కిరణ్ అడిగాడు. ఇంజినీరింగు చదువుతున్నాడు. వాళ్ళ ఐదుగురి జట్టుకి కెప్టెన్. మిగతా ముగ్గురూ అతని స్నేహితులు, తులసి ఐదోది.

"ఇంకా లేదండీ."

"థండర్ కొనెయ్యండి, ఆలోచించడానికేముంది! నాకుంది, మణికంఠకుంది. ఆరు ఫిరంగులు. ఒక్కటి పేలిస్తే అవతలివాడు అమ్మానాన్నల్ని తలుచుకోవాలి."

"చూస్తున్నానండీ."

"మూడు వారాల్నుంచి చూస్తున్నారండీ. పెళ్ళికొడుకునైనా ఇన్నిసార్లు చూడరు." పక్కనున్న మణికంఠ కిసుక్కున నవ్వాడు. ఉదయ్ కిరణ్ గొంతు తగ్గించాడు. "ముమ్మిడివరం నుంచి ఒకబ్బాయి మన జట్టులోకి వస్తానంటున్నాడు. థండర్ ఉందట. ఆదివారం మండపేట వాళ్ళతో పోటీ. అందులో మీ దగ్గరున్నలాంటి చిన్న రోబోల్ని రానివ్వరు కదండీ. రేపు సాయంత్రంలోగా మీది తేలకపోతే... ఏమనుకోకండి."

అంత మర్యాదగా అన్న మాటకి కోపం తెచ్చుకోడానిక్కూడా వీల్లేదు. "అయ్యో, పర్లేదండీ," అంది తులసి.

పర్లేదనడానికి లేదు. వాళ్ళమ్మ అచ్చాయమ్మ కిందటి కార్తీకంలో పోయింది. అప్పటినుంచీ తులసి పైకి నవ్వుతోందంటే రోజుకి ఆ గంటసేపు, ఆ నలుగురితో కలిసి ఆడేటప్పుడే. ఆ చోటు పోతే ఇంకేముందో ఆమెకి తెలీదు. అలాగని గబుక్కున కొనెయ్యడమూ చేతకాలేదు. ఇంట్లో చీరైనా చేపైనా గేదైనా ఎంచేది అమ్మే. ఇరవై రెండేళ్ళు వచ్చినా తనంతట తాను ఎంచి కొన్న వస్తువంటూ తులసికి లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళ నాన్న పోలిరాజు క్యారేజీ పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళు గౌతమి మీద పంటు నడిపిన సరంగు ఆయన. లారీల్నీ బస్సుల్నీ బల్లకట్టు మీదికెక్కించి ఈ రేవునుంచి ఆ రేవుకి దాటించేవాడు. వంతెన పడ్డాక పంటు ఆగింది. అచ్చాయమ్మ పోయాక వంట కూడా ఆయనే నేర్చుకున్నాడు. నెట్ సెంటర్‌లో ఆయన కంప్యూటర్ల వంక చూసేవాడు కాదు. కూతురు తిన్నాక క్యారేజీ కడిగి పట్టుకుపోవడం, అంతే.

ఆ వేళ గిరాకీ లేదు. తులసి ఆటలోని కొట్టు మూయడం మరిచిపోయింది. పోలిరాజు క్యారేజీ బల్లమీద పెడుతూ తెర వంక చూశాడు.

"ఎవరమ్మా ఈ పెద్దాయన?"

"థండర్ అంటారు నాన్నా. రోబో. ఈ మూడింట్లో ఒకటి కొనాలి."

"కొంటే ఇంటికి పంపుతారా?"

"ఇంటిక్కాదు నాన్నా, ఆటలోకి."

"పోన్లే. వాకిట్లో పట్టడు," అని స్టూలు లాక్కుని కూచున్నాడు. "ఆ రెండోదేంటి, కొంగలాగ?"

"ఫాల్కన్. ఎగురుతుంది. ఫిరంగి ఒక్కటే. మా జట్టులో ఇద్దరికి అదుంది."

"ఆ మూడోది?"

మూడోదాన్ని తులసి ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. పొట్టికాళ్ళు, చాటలంత పాదాలు, పీపాలాంటి ఒళ్ళు, చిన్న తుపాకులు రెండు, వెనక ఒక గొలుసు. "బఫెలో నాన్నా. ఎవరూ కొనరు. ఆ గొలుసు పడిపోయినవాళ్ళని లాగడానికట."

పోలిరాజు చెయ్యి కడుక్కుని పనసపొట్టు కూర వడ్డిస్తూ, "ఈ యుద్ధం ఎక్కడమ్మా?" అన్నాడు.

"అంటే?"

"నేల. రోడ్డా, చేలా?"

తులసి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ఆ ప్రశ్న మూడు వారాల్లో ఎవరూ అడగలేదు, తను కూడా. "లంక నాన్నా. మేమింకా ఆడని చోటు. ఒక ఏరు అడ్డంగా ఉంటుంది. రెండు జట్లూ దాన్ని దాటాలి. ముందుగా ఎవరివాళ్ళు నలుగురు అవతలి గట్టెక్కితే వాళ్ళు గెలిచినట్టు."

"ఏరు దాటించడమా!" అన్నాడు ఆయన. వెన్ను కాస్త నిటారైంది. "అయితే బరువెక్కడ కూచుందో చూడాలి. ఈ పెద్దాయనకి సరుకంతా భుజాలమీదే ఉంది."

"సరుకు కాదు నాన్నా, ఫిరంగులు."

"ఏదైతేనేం. ఓసారి గాలివాన ముందు పంటు మీదికి రెండు లారీలొచ్చేయి. ఒకటి ఇనప చువ్వలది, ఇంకోటి గడ్డిది. ఇనప లారీని చూసి జనం బెదిరిపోయి దిగిపోయేరు. నేను దాన్ని ఉంచి గడ్డి లారీని దింపించేను. ఆ డ్రైవరు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేడు. ఇనప లారీ బరువే, కానీ బరువంతా కిందే. గడ్డి లారీ తేలికే, ఎత్తంతా పైన. నది మధ్య గాలి కొట్టిందంటే అది తను పడి పంటుని కూడా పడేసుద్ది. భయపడితే గడ్డి లారీకే భయపడాలి తల్లీ."

"మరి అందరూ థండరే మంచిదంటున్నారు."

"మీ అమ్మ గేదెని కొనేటప్పుడు ఏం చేసేదో చూసేవు కదా. అమ్మేవాడు పొదుగు చూపించేవాడు. అది చూసేది కాదు. నడిపించి చూపించు బాబూ, ఆ బురదలోంచి నడిపించు, అనేది."

కొట్టులో ఒక్కో రోబోని ఐదు నిమిషాలు ఊరికే నడిపి చూడనిస్తారు. తులసి ఇంతవరకూ ఆ ఐదు నిమిషాలూ గురి చూసి కాల్చడానికే వాడింది, అదీ నున్నటి గచ్చుమీద. ఎడంచేత్తో ఎంగిలి తగలకుండా మౌస్ పట్టుకుని, ఈసారి ఏరున్న చోటు ఎంచి థండర్‌ని నీళ్ళలోకి దింపింది. మోకాలి లోతుదాకా రాజులా నడిచింది. నడుం లోతులో ఒకసారి ఊగింది. మూడో అడుగుకి బోర్లా పడింది. లేచింది, మళ్ళీ పడింది.

"గడ్డి లారీ," అన్నాడు పోలిరాజు, ఎంతో తృప్తిగా.

బఫెలో నత్తలా నడిచింది. నీళ్ళు మెడదాకా వచ్చినా ఊగలేదు. అవతలి గట్టెక్కి, ఒళ్ళు దులుపుకున్నట్టు ఒకసారి కదిలి నిలబడింది. తండ్రీకూతుళ్ళిద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"అయితే ఇదే కొననా నాన్నా?"

"అది నన్నడక్కు. నేను లారీల్ని ఎక్కించేవాణ్ణి గానీ కొన్నవాణ్ణి కాదు," అని ఆయన క్యారేజీ గిన్నెలు తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

తులసి ఒక్కతే మిగిలింది. థండర్ కొంటే ఎవరూ ఏమీ అనరు, ఓడినా అనరు. బఫెలో కొని ఓడితే తప్పంతా తనదే. ముమ్మిడివరం అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు. చాలాసేపు కూచుంది. గిన్నెల చప్పుడు ఆగే వేళకి బఫెలో మీద నొక్కింది. 'పేరు పెట్టండి' అని ఆట అడిగింది. తోచిన పేరే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

శనివారం సాయంత్రం సంగతి తెలిసి ఉదయ్ కిరణ్ తల పట్టుకున్నాడు.

"గేదెని కొన్నారాండీ! పాలిస్తుందా?"

"పిడకలు కూడా వేసుకోవచ్చు," అన్నాడు మణికంఠ.

"ఏరు దాటాలి కదండీ," అంది తులసి.

"అవతలివాళ్ళు మిగిలితేగా దాటడం! ముందే పేల్చేస్తాం." ఉదయ్ కిరణ్ నిట్టూర్చాడు. మాటంటే మాటే గనక జట్టులోంచి తియ్యడానికి లేదు. శనివారంలోగా కొనమన్నాడు, ఆమె కొంది. "సరేనండీ, రేపటికి ఆడండి. ఎల్లుండి మాట్లాడుకుందాం."

ఎల్లుండి మాట ఏమిటో తులసికి తెలుసు.

ఆదివారం ఒంటిగంటకి పోటీ. ఐదుగురూ ఐదు కంప్యూటర్ల ముందు కూచున్నారు. పోలిరాజు క్యారేజీ పట్టుకుని వచ్చి, బల్లమీద చోటు లేక చేత్తోనే పట్టుకుని కూతురి వెనక నిలబడ్డాడు. తెరమీద ఐదు రోబోల తలలపైన ఐదు పేర్లు వెలిగాయి. కింగ్, కిల్లర్, టైగర్, డాన్. ఐదోది చదివి మణికంఠ, "అచ్చాయమ్మా! ఎవరండీ ఈ అచ్చాయమ్మ?" అని పగలబడి నవ్వాడు.

"మా అమ్మ."

మణికంఠ నవ్వు ఆగిపోయింది. పోలిరాజు క్యారేజీని కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. ఇంతలో పోటీ మొదలైంది.

రెండు ఫాల్కన్లు ఎగిరి అవతలి గట్టున వాలాయి. ఉదయ్ కిరణ్, మణికంఠ ఫిరంగులు పేలుస్తూ ఏట్లోకి దిగారు. నడుం లోతులో మణికంఠ థండర్ బోర్లా పడింది. దాన్ని తప్పించబోయి ఉదయ్ కిరణ్‌ది వెల్లకిలా పడింది. మండపేట వాళ్ళ ఫాల్కన్లు మూడు అప్పటికే గట్టెక్కాయి. నాలుగోది థండర్, అది వీళ్ళు పడడం చూసి, చీరకుచ్చిళ్ళు పట్టుకున్నంత జాగ్రత్తగా అడుగులో అడుగేస్తూ వస్తోంది. ఐదోది దాన్ని కాస్తూ ఒడ్డునే నిలబడి కాలుస్తోంది.

"లేవట్లేదురా! నాది లేవట్లేదు!" అని మణికంఠ అరుస్తున్నాడు.

తులసి నీళ్ళలోకి దిగింది. గొలుసు విసిరి మణికంఠకి తగిలించింది. లాగితే కదల్లేదు.

"ఎదురు లాగకమ్మా," అని వెనకనుంచి పోలిరాజు గొంతు, ముప్పై ఏళ్ళు రేవులో మోగిన గొంతు, గది అదిరేటట్టు లేచింది. "నీటివాలుకి పోనీ. ఏటవాలుగా పోనియ్యి! నెమ్మది... నెమ్మది... ఆఁ, ఇప్పుడు గట్టుకి తిప్పు!"

మణికంఠ థండర్ దుంగలా తేలుకుంటూ వెళ్ళి గట్టుకి ఆనుకుని, లేచి పైకెక్కింది. తులసి వెనక్కి తిరిగింది.

"అచ్చాయమ్మగారూ! ఇటండీ, ఇటు!" అని ఉదయ్ కిరణ్ కేకలు పెట్టాడు. "మీకు పుణ్యముంటుంది, నన్ను లాగండీ!"

"వస్తున్నానండీ, కంగారుపడకండి."

"అచ్చాయమ్మగారూ, తొందరగా!" అని గట్టుమీదున్న ముగ్గురూ అందుకున్నారు. బయట సోడాబండి దగ్గరున్న జనం తలుపులోంచి తొంగిచూశారు. మండపేట థండర్ గట్టుకి ఇంక పది అడుగులుంది. తులసి గొలుసు తగిలించి, వాలుకి పోనిచ్చి, గట్టుకి తిప్పి, ఉదయ్ కిరణ్‌ని ఒక్క ఊపుతో పైకి తోసేసింది. గొలుసు వదిలేటప్పటికి బఫెలో మీద నాలుగు వైపులనుంచీ గుళ్ళు పడుతున్నాయి. అది ఏటి మధ్యలోనే పొగలు కక్కుతూ ఆగిపోయింది.

తెరమీద తమ జట్టు పేరు వెలిగింది. నలుగురు గట్టెక్కారు.

కుర్రాళ్ళు కుర్చీలమీంచి లేచి గంతులేశారు. ఉదయ్ కిరణ్ మాత్రం తులసి తెర వంక చూసి, "అయ్యో, మీరు ఎక్కలేదండీ," అన్నాడు.

"సరంగు ఆఖర్నే దిగుతాడు బాబూ," అన్నాడు పోలిరాజు. అని, ఇంక అక్కడ తనకి పనేమీ లేనట్టు, క్యారేజీ తులసి ఒళ్ళో పెట్టాడు. అన్నం చల్లారిపోయింది. చింతచిగురు రొయ్యల కూర ఐదుగురూ తలా ముద్దా తిన్నారు. "బాబాయ్‌గారూ, మీరే వండేరా!" అని మణికంఠ రెండోసారి పెట్టించుకున్నాడు.

గిన్నెలు తీసుకుని పోలిరాజు పంపు దగ్గరికి వెళ్ళాడు. ఉదయ్ కిరణ్ చెయ్యి కడుక్కోడానికి వెనకాలే వెళ్ళి, ఆయన పక్కన కాసేపు తటపటాయించాడు.

"వచ్చే ఆదివారం రాజోలు వాళ్ళతోనండీ. ఇసక నేలట. అచ్చాయమ్మగారు వస్తేనే మేం దిగుతామండీ."

పోలిరాజు కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాడు. నీళ్ళు కాసేపు ఊరికే పోయాయి.

"ఆయ్," అన్నాడు. "వస్తుందిలెండి."