ఏడో నియమం

మూడింటికల్లా ఫ్యాక్టరీకి కోడ్ చేరాలి. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. బావ రాసిన ఫైలును బామ్మర్ది ఐదోసారి చదివాడు. 'సరే' అనే బటన్ దాకా వెళ్ళిన వేలిని వెనక్కి తీసుకున్నాడు.

ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. రోగి నరంలోకి మందు ఎక్కించే పంపుకి వాళ్ళు కోడ్ రాస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే బయటికి కదులుతుంది. బావ చేరి ఆరు నెలలు. ఈ పని వేళకి అప్పజెబితే ఉద్యోగం ఖాయం, లేదంటే రేపటినుంచి రానక్కర్లేదని మేనేజరు మొహంమీదే చెప్పాడు. పొద్దున అక్క ఫోనులో ఒక్క మాటే అంది: "ఇవాళ మీ బావని సతాయించకురా."

"ఏం బామ్మర్దీ, కూడబలుక్కుని చదువుతున్నావా?" అన్నాడు బావ.

"నలభయ్యో వరసలో మందు ఎక్కే వేగానికి ఉత్త 'రేట్' అని పేరు పెట్టి వదిలేశావు బావా. ఏడో నియమం చూడు."

నియమాల కాగితం తలుపు పక్కన అంటించి ఉంది. కొలత ఏదైనా సరే, అది గంటకో నిమిషానికో పేరు చివర రాయాలన్నది ఏడోది.

"ఏనుగు దూరిపోయాక తోక పట్టుకుంటావేంట్రా. కోడ్ పరీక్షలన్నీ పాసయిందిగా."

"ఆ పరీక్షలు తయారుచేసిందీ నువ్వేగా."

బావ మొహం కందగడ్డయింది. "కోడిగుడ్డుకి ఈకలు పీకడానికి నా కోడే దొరికింది నీకు. సాయంత్రం మీ అక్కకి నువ్వే చెప్పుకో."

బామ్మర్దికి మింగలేని కక్కలేని స్థితి. ఒక్క నొక్కుతో అక్క ఇవాళ నిశ్చింతగా పడుకుంటుంది. అతను ఫైలును తిప్పి పంపేశాడు.

"తోక తగిలించు బావా. నిమిషం పని."

బావ కీబోర్డును దంచసాగాడు. 'రేట్' కొట్టాడు, అడ్డగీత కొట్టాడు. చప్పుడు ఆగిపోయింది. బామ్మర్ది తలెత్తి చూశాడు. బావ వేళ్ళు గాల్లోనే ఉన్నాయి.

"గంటకా, నిమిషానికా?" అన్నాడు బావ తనలో తాను.

"రాసినవాడివి నువ్వు."

"పంపు మోటారుకి నిమిషానికి ఇంతనే ఇచ్చాను. నర్సు కొట్టే అంకె..." మాట పూర్తికాకుండానే లేచి పక్కగదిలోకి నడిచాడు. ఆసుపత్రుల్లో పంపులు బిగించే పెద్దాయన గొంతు వినబడింది: "గంటకే బాబూ. ఎప్పుడూ గంటకే."

తిరిగొచ్చిన బావ కూర్చోలేదు. "అరవై రెట్లురా. గంటసేపు ఎక్కాల్సిన మందు నిమిషంలో ఎక్కేస్తుంది."

"మేనేజరుతో నేను మాట్లాడతానులే."

"వద్దు. చేసింది నేను, చెప్పేదీ నేనే."

ఫోనెత్తి, ఇవాళ ఇవ్వలేనని, ఎందుకివ్వలేడో కూడా, దాచకుండా చెప్పాడు. అవతలి మాటలు చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"రేపు సాయంత్రానికి కావాలట. ఉద్యోగం ఊసెత్తలేదు." బావ కూర్చుని, అడ్డగీత తర్వాత 'గంటకు' అని ఒక్కో అక్షరమే నొక్కాడు. "మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పరా. నాకంత గుండె లేదు."