చుట్టాలంతా బయటికి

మా పట్టణ కౌన్సిల్లో ఏడుగురం ఉంటాం. పొడుగాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు, మీటింగు మొదలైన దగ్గర్నుంచీ అయిపోయేదాకా మూలిగే ఫ్యాను. మందుల షాపు నడుపుకునేదానికి కౌన్సిల్లో ఏం పని అని మా ఆయన ఇప్పటికీ సాధిస్తుంటారు. జలుబుకీ జ్వరానికీ నా షాపుకొచ్చే జనం మందులు తీసుకుని ఊరుకోరు. వీధి దీపం వెలగట్లేదనీ, కాలువ పొంగుతోందనీ నా దగ్గరే మొత్తుకుంటారు. ఎలాగూ వింటున్నాను కదా, ఆ వినేదేదో కుర్చీలో కూర్చుని వింటే పోలా అని నిలబడ్డాను. నోరు పెద్దదని పేరు పడ్డ మనిషికి గెలవడం పెద్ద కష్టం కాదు.

ఆ నోటితోనే ఒక నియమం పెట్టించాను. ఒకసారి ఛైర్మన్ గారి బావమరిదికి రోడ్డు కంకర కాంట్రాక్టు ఇచ్చే విషయం వచ్చింది. ఛైర్మన్ గారు తన కుర్చీలోంచి కదలకుండా, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని తానూ బల్ల చరిచారు. మా దగ్గర ఒప్పుకోవడమంటే బల్ల చరవడమే. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటపడి, పోట్లాడి, తీర్మానం చేయించాను. సభ ముందుకొచ్చిన విషయంతో ఎవరికి చుట్టరికం ఉన్నా ఆ మాట పైకి చెప్పాలి, తేలేదాకా బయట వరండాలో కూర్చోవాలి. బయటున్నంతసేపూ లోపలికి ఏ కబురూ పంపకూడదు. ఆ రోజు ఛైర్మన్ గారు కూడా నవ్వుతూ బల్ల చరిచారు. ఇప్పటికీ ఆ నియమం తప్పని నేను అనను. అదే నా బాధ.

మా అన్నయ్య పుస్తకాలకు బైండింగు చేస్తాడు. పాత గ్రంథాలయం భవనంలో, మెట్ల పక్క గదిలో. గ్రంథాలయం కొత్త చోటికి పోయింది, అన్నయ్య మాత్రం అక్కడే ఉండిపోయాడు. భవనం కౌన్సిల్‌ది. ఉండమని రాసిచ్చినవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు. గదిలో అడుగు పెడితే ముందు జిగురు వాసన, తర్వాత కొత్త అట్టల వాసన. మధ్యలో మనిషెత్తు ఇనుప ప్రెస్సు. పైన చక్రం తిప్పుతుంటే బరువైన పలక మెల్లగా దిగి, కుట్టిన కాగితాల దొంతరను కదలకుండా పట్టుకుంటుంది. దాన్ని గదిలోకి దింపిన రోజు వాకిలి చట్రం ఊడదీయాల్సి వచ్చింది. అన్నయ్య ఉండేదేమో రెండంతస్తుల పైన ఇరుకు వాటా. ఆ ప్రెస్సును అక్కడికెక్కిస్తే కింద కాపురం ఉన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. కనక గది ఉంటేనే ప్రెస్సు, ప్రెస్సుంటేనే అన్నయ్య.

వదిన పోయిన తర్వాత అన్నయ్య ఆ గదిలోనే తేరుకున్నాడు. నేనేదో ఓదార్చానని అందరూ అనుకుంటారు గానీ, నాకు ఓదార్చడం చేతకాదు, కేకలేయడం చేతనవును. అతన్ని నిలబెట్టింది ఊరు. తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి దారినపోయేవాళ్ళు లోపలికొచ్చి అట్టల కట్ట మీద కూర్చుని తమ ఇంటి గొడవలు చెప్పుకునేవారు. అన్నయ్య దారానికి మైనం రాసుకుంటూ ఊఁ కొట్టేవాడు. చివర్న ఒక్క మాట అనేవాడు, అదీ అడిగితేనే. ఊళ్ళో సగం మందికి అతను అట్టల బాబాయి, మిగతా సగం మందికి అన్న. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు.

పాత కట్టడాల మరమ్మతుకు గ్రాంటు ఇస్తారని తెలిసినప్పుడు దరఖాస్తు రాసింది నేనే. ఆ భవనం కప్పు కారుతోంది, ఇంకో రెండు వానలకు ఆగదు. చక్రం మీద చెయ్యేసి నిలబడ్డ అన్నయ్య ఫోటో కూడా జత చేశాను. గ్రాంటు వచ్చింది. ఆ ఫోటో చూసే ఇచ్చారని ఛైర్మన్ గారే నలుగురిలో అన్నారు. నేను పొంగిపోయాను. తర్వాత షరతులు చదివాం. బాగుచేసిన భవనం తన ఖర్చు తానే సంపాదించుకోవాలట. కింది అంతస్తును సరైన అద్దెకు ఇవ్వాలట.

కింది అంతస్తు మొత్తం కాఫీ హాలుకు ఇద్దామని ఛైర్మన్ గారు మీటింగు అయ్యాక మాటల్లో అన్నారు. మెట్ల పక్క గదిని వదిలేసి మిగతాది ఇద్దామని నేను అడ్డుపడ్డాను.

"ఆ కాఫీ హాలు వాళ్ళు ఇస్తే మొత్తం ఇవ్వండి, లేకపోతే వద్దు అంటున్నారమ్మా" అన్నారాయన. "మీ అన్నయ్యంటే నాకు మాత్రం గౌరవం లేదా? కానీ మళ్ళీ కప్పు కారితే ఎవరు బాగుచేయిస్తారు, మీరా నేనా?"

ఆయన మీద అరవడానికి నాకు ఏమీ దొరకలేదు. దుర్మార్గుడైతే ఎంత సుఖంగా ఉండేదో.

విషయం వచ్చే మీటింగులో సభ ముందుకు రావాలి. నా నియమం ప్రకారం నేను బయటికి పోవాలి. మిగిలేది ఆరుగురు. ఛైర్మన్ గారు, ఆయన మాట జవదాటని లారీల యజమాని అటు. ఇటు నలుగుర్నీ కూడగట్టాలని ఇల్లిల్లూ తిరిగాను.

కోట్లు కుట్టే దర్జీ నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "బాబాయి గది పోతుంటే చూస్తూ ఊరుకుంటానా అక్కా? నన్నడగాలా?" అన్నాడు. పళ్ళ డాక్టరు తన చదువు నాటి పుస్తకం చూపించి, ఇది ఆయన కుట్టిందే, ఇంతవరకూ ఒక్క కాగితం ఊడలేదు అన్నాడు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భర్త వదిలేసి పోయిన రోజుల్లో ఆవిడ ఆ అట్టల కట్ట మీదే కూర్చునేది. ఇక బేకరీ ఆయన. పొయ్యి ముందునుంచి కదలకుండా నే చెప్పిందంతా విని, "సరే చూద్దాంలెండి" అన్నాడు. కాసేపాగి "ఆయనకే వేస్తాను" అన్నాడు. ముభావపు మనిషి. నలుగురిలో నాకు అనుమానం ఉన్నది ఆయన మీదే.

మీటింగు రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. రావద్దన్నాను. "నా గది సంగతి కదమ్మా, గుమ్మం దగ్గరైనా ఉండొద్దూ" అన్నాడు. చొక్కా మడతలో జిగురు మరక ఒకటి ఉండిపోయింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

విషయం రాగానే లేచి, "నాకు స్వయానా అన్నయ్య" అని చెప్పి బయటికి నడిచాను. తలుపు ఇంకా తెరిచే ఉంది. కార్యదర్శి గారు వేయడానికి లేచేలోపు దర్జీ నిలబడ్డాడు. ఒక్క రెండు ముక్కలు మాట్లాడతానన్నాడు. మంచిదే అనుకుని గుమ్మంలో ఆగాను.

"బాబాయి నాకు పరాయివాడు కాదండీ" అన్నాడు దర్జీ, గొంతు సవరించుకుని. "సొంత బాబాయి కంటే ఎక్కువ. నా పెళ్ళి మాటలు మాట్లాడింది ఆయన. నా కూతురికి పేరు పెట్టింది ఆయన. ఆ గది ఆయనది కాదంటే నా ఇల్లు నాది కాదన్నట్టే."

నాకు గుండె నిండిపోయింది. కార్యదర్శి గారు మాత్రం కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన మహా నిక్కచ్చి మనిషి, తన వాచీని కూడా నమ్మడు.

"అంటే మీకు చుట్టరికం ఉందన్నమాట" అన్నారు.

"ఎందుకు లేదండీ?"

"అయితే మీరూ బయట కూర్చోవాలి."

కార్యదర్శి గారు చెడ్డవాడేం కాదు, దారి కూడా చూపించారు. "మాటవరసకన్నాను, ఆయన నాకేమీ కాడు అని చెప్పండి. అలాగే రాసుకుంటాను."

చెప్తే అయిపోయేది. నేను గుమ్మంలోంచి కళ్ళతో బతిమాలాను, చెప్పరా నాయనా అని. దర్జీ నన్ను చూడలేదు. నా భుజం మీదుగా బెంచీ వైపు చూశాడు. అక్కడ అన్నయ్య వింటున్నాడు. కాస్త ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"ఆ మాట అనలేనండీ" అని దర్జీ బయటికొచ్చేశాడు.

మొదలుపెట్టాక కార్యదర్శి గారు ఊరుకోరుగా. "మీ సంగతేంటండీ?" అని పళ్ళ డాక్టర్ని అడిగారు. డాక్టరు పెద్ద చదువులు చదివినవాడు, కాదంటాడని ఆశపడ్డాను. ఆయన కూడా ఒకసారి బెంచీ వైపు చూసి, "నేను అన్నా అనే పిలుస్తానండి" అని నీళ్ళు నమిలాడు. డ్రైవింగ్ స్కూలావిడ అడగక ముందే లేచింది. "నన్ను చెల్లీ అంటాడాయన. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాదని ఎలా అనను?" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుని వచ్చేసింది.

అన్నయ్యను ఎరిగినవాళ్ళంతా ఒక్కొక్కరే వరండాలోకి వచ్చి పడ్డారు. వాళ్ళను తిట్టాలో కౌగిలించుకోవాలో నాకు తెలియలేదు. ఆ క్షణాన తిట్టాలనే ఉంది.

ఆఖరికి బేకరీ ఆయన్ను అడిగారు. ఆయన మూలిగే ఫ్యాను వైపు చూశాడు. "నాకేమీ కాడండి. మా లెక్కల పుస్తకాలు కుట్టిస్తుంటాను, అంతే."

నా వెనక అన్నయ్య చిన్నగా దగ్గాడు. కార్యదర్శి గారు తలుపు వేసి గడియ పెట్టారు.

అన్నయ్య బెంచీ మీద ఓ పక్కకు జరిగాడు. అయినా చాలకపోయేసరికి లేచి నిలబడి, "కూర్చోండి, కూర్చోండి" అని మా అందర్నీ కూర్చోబెట్టాడు. మొహం వెలిగిపోతోంది. ఇంతమంది తనవాళ్ళమని సభలో చెప్పి తన దగ్గరికి వచ్చేశారు, అతనికి కనిపించింది అంతే. నా పక్కకు వంగి, "ఆ బేకరీ ఆయనొక్కడే కాదనేశాడు చూశావా. ఎన్నేళ్ళుగా కుడుతున్నాను ఆయన పుస్తకాలు" అన్నాడు.

డ్రైవింగ్ స్కూలావిడకే ముందు తట్టింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లోపల ముగ్గురే కదా ఉన్నారు. ముగ్గురికి తగ్గితే సభ చెల్లదు కదా. ఆయన కూడా వచ్చేస్తే వాయిదా పడుతుంది."

ఒక్క ఉదుటున లేచాను. తలుపుకు పై భాగంలో చిన్న అద్దం ఉంది. కాలివేళ్ళ మీద లేచి చూశాను. బేకరీ ఆయన నాకు ఎదురుగానే ఉన్నాడు. వచ్చెయ్, వచ్చెయ్ అని చెయ్యి ఊపాను. ఆయన చూశాడు. నేను ధైర్యం చెప్తున్నాననుకున్నాడు కాబోలు, ఫరవాలేదు నేనున్నాను అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని తలాడించాడు. రెండు చేతులతో ఊపాను. ఇంకా గట్టిగా తలాడించాడు.

తలుపు తట్టాను. బాదాను కూడా. కార్యదర్శి గారు మనిషి పట్టనంత సందు తెరిచారు.

"అమ్మా, బయటున్నవాళ్ళు లోపలికి కబురు పంపకూడదు. మీరు పెట్టిందే కదా."

"ఒక్క మాట" అన్నాను.

"ఒక్క మాటకూ వీల్లేదని మీరే పట్టుబట్టారు" అన్నారాయన. నిజంగానే బాధపడుతూ తలుపు వేశారు. నా నోరు ఇంత పెద్దది, ఆ తలుపు సందులో పట్టలేదు.

ముగ్గురూ బెంచీ మీద తలలు దించుకుని కూర్చున్నారు. పోయి చుట్టం కాదని చెప్పి రానా అక్కా అన్నాడు దర్జీ, నాకు మాత్రమే వినపడేలా. బయటికొచ్చినవాళ్ళు తేలేదాకా లోపలికి పోకూడదు. అదీ నేను పెట్టిందే.

కాసేపటికి బల్ల చప్పుడైంది. రెండు అరచేతుల చప్పుడు, ఒకదాని వెంట ఒకటి. అది కాఫీ హాలుకని మా అందరికీ తెలుసు. గది ఉంచాలనేవాళ్ళు ఎవరని కార్యదర్శి గారు అడిగారు. తర్వాత ఒక్కటే చప్పుడు, రెండింటికంటే గట్టిగా, పిండి పిసికే చేతిది.

అన్నయ్యకు కౌన్సిల్ పద్ధతులు తెలీకపోయినా, రెండుకీ ఒకటికీ తేడా తెలుసు.

"ఆ ఒక్కటీ ఎవరిది?" అన్నాడు.

"బేకరీ ఆయనది."

"ఆయన నాకేమీ కాడన్నాడు కదమ్మా."

జవాబు చెప్పాలంటే మిగతా ముగ్గురి ముందూ చెప్పాలి, వాళ్ళు అప్పటికే చచ్చిపోయినట్టున్నారు. అన్నయ్య చొక్కా మడత మీది జిగురు మరకను గోరుతో గీకుతూ ఉండిపోయాడు.

తలుపు తెరుచుకుంది. "తేలిపోయిందండి. అందరూ లోపలికి రావాలి, తర్వాతి అంశం వీధి దీపాలు" అన్నారు కార్యదర్శి గారు.

దర్జీ లేచాడు, డాక్టరు లేచాడు, డ్రైవింగ్ స్కూలావిడ లేచింది. అన్నయ్య వాళ్ళకు దారి ఇవ్వడానికి గోడకు ఆనుకున్నాడు. వీధి దీపాలకు అడ్డుపడేవాళ్ళెవరూ లేరు. అందరం బల్ల చరిచాం, నేనూ చరిచాను. తెరిచిన తలుపులోంచి నా కుర్చీకి వరండా కనిపిస్తోంది. బెంచీ అంతా ఖాళీగా ఉంది. అన్నయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.