గౌసుగూడ సంతకాలు

నేను ఒక పొడవాటి రిజిస్టరును. గట్టి అట్ట, గుడ్డ అంటించిన వెన్ను. నాతో పుట్టినవన్నీ హాజరు పట్టీలై బడులకు వెళ్లాయి. నన్ను మాత్రం అండాలు కొన్నది.

అండాలుది హైదరాబాదు చివర గౌసుగూడ బస్తీ. నగరానికి అవతలి కొసనున్న పెద్దాసుపత్రిలో ఆయా. మూడు బస్సులు మారి వెళ్లేది. పక్కింటి దర్జీ ఖాదర్ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు అవే బస్సుల్లో వచ్చేవాడు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో, నిలబడే చోటు కూడా సరిగా లేని బస్సులో, కళ్లు తిరిగి ఆమె మీదే పడిపోయాడు. మర్నాడే నేను ఆ ఇంటికి వచ్చాను.

“ఖాదర్ భాయ్, నీ రాత మంచిగుంటది. మన దాంక మెట్రో రైలు కావాల్నని రాయి,” అన్నది.

మొదటి పేజీ ఆయన రాశాడు. మొదటి సంతకమూ ఆయనదే.

బస్తీ అంతా తిరిగాక ఇద్దరూ నన్ను ఎమ్మెల్యే దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నన్ను మర్యాదగా రెండు చేతులతో అందుకున్నాడు, తెరవలేదు.

“నాదేమున్నదమ్మా? మీ బజారోళ్లే వద్దంటున్నరు. దుకాణాలు పోతయని భయం.”

అండాలు నేరుగా బజారుకు నడిచింది. తాళాల కొట్టు జంగయ్య మండిపడ్డాడు. “రైలొస్తే మమ్మల్ని లేపేస్తరని ఎమ్మెల్యే మనుషులే చెప్పి పోయిండ్రు గదా!”

ఆమె అరుగు మీద కూలబడి నవ్వింది. ఎమ్మెల్యే తనతో ఏమన్నాడో చెప్పేసరికి జంగయ్యకూ నవ్వొచ్చింది.

“దస్కతు పెడ్తగని, స్టేషన్ బజార్ల వద్దు. మూతపడ్డ కట్టెల అడితిల కట్టమని రాయి. ఆడ ఎవ్వల కడుపు కొట్టేది లేదు.”

ఆమె రాసింది. సాయంత్రానికి బజారంతా సంతకం చేసింది.

నన్ను మెట్రో ఆఫీసులో ఇచ్చారు. ముద్ర పడింది, అంతే. ఢిల్లీ ఒప్పుకోలేదని రాష్ట్రంవాళ్లు, రాష్ట్రం అడగనే లేదని ఢిల్లీవాళ్లు చెప్పుకొచ్చారు. ఈలోగా ఎన్నికలొచ్చాయి. రైలు కొత్త మేడల వైపు మళ్లింది. అక్కడ రైలెక్కడానికి మనుషులింకా రానేలేదు. ఖాదర్ మిషను అమ్మేసి, ఆసుపత్రి పక్కన అద్దె గదికి మారిపోయాడు.

నేను ఆరేళ్లు ఇనుప బీరువాలో ఉన్నాను.

చివరికి ఆ ఆఫీసులోనే మాధురి అనే ఇంజనీరు నన్ను తీసి, దుమ్ము దులిపి, ఒక్కో పేజీ చదివింది. జంగయ్య చెప్పిన మాట దగ్గర ఆగి, నక్షా తెచ్చి పక్కన పరిచింది. “ఇంత దారి ఉండగా ఎందుకాపారు?” అని గట్టిగానే అడిగింది. ఆమె పట్టు వదల్లేదు. కొలతలకు అనుమతి తెచ్చుకునేసరికి ఏడాది పట్టింది.

నన్ను చంకలో పెట్టుకుని గౌసుగూడ వచ్చింది. అండాలు గడపలో బియ్యం ఏరుతోంది.

“అమ్మా, రేపటి నుంచి కట్టెల అడితిలో కొలతలు తీస్తాం. కట్టడం మాత్రం ఇంకా మంజూరు కాలేదు. మీకు అబద్ధం చెప్పను.”

“నేను నౌకరీ దిగి రెండేండ్లాయె బిడ్డా,” అన్నది అండాలు. నా పేజీలు తిప్పుతూ ఖాదర్ రాత మీద వేలు పెట్టింది.

తర్వాత లేచి చెప్పులేసుకుంది.

“రేపటిదాంక ఎందుకు? పా, అడితి సూపిస్త.”