ఇంజిన్ మోత

మీటింగులో అందరిదీ ఒకటే మాట. "మాకేం ఇబ్బందుల్లేవండీ." చేపల చెరువుల యజమాని ముందు కుర్చీలో కూర్చుంటే ఇంకేం చెబుతారు? ఊరి సమస్యలు విందామని ఏలూరు నుంచి కొల్లేరు దాకా వచ్చిన నాకు ఒళ్లు మండింది.

తిరుగు పడవలో నా పక్కన దీవెన కూర్చుంది. ఆ చెరువుల్లోనే కూలి పని చేస్తుంది. మీటింగులో తనూ ఆ మాటే అన్న మనిషి ఇప్పుడేదో చెబుతోంది. మోతలో వినబడక, "కాస్త ఇంజిన్ ఆపవయ్యా," అన్నాను పడవతనితో.

దీవెన గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఆపించకండి మేడమ్. ఈ మోత ఉందనేనండీ మాట్లాడుతున్నాను. గట్టు మీద ఆయన మనుషులుంటారు."

చెవి ఆమె దగ్గరగా పెట్టాను. చెరువుల మురుగును తాగేనీళ్ల కాలవలోకి వదులుతున్నారట. ఇదేమిటని అడిగిన ఇంటివాళ్లను మళ్లీ పనికి పిలవరట. వినబడదేమోనని ఆమె గొంతు పెంచింది.

అప్పుడే పడవ కింది ఫ్యానుకి గుర్రపుడెక్క మొక్కలు చుట్టుకుని ఇంజిన్ ఆగిపోయింది.

"మా పాపకి ఒళ్లంతా పుళ్లండీ!"

ఆ కేక నీళ్ల మీదుగా గట్టు దాకా వెళ్లింది. గట్టు మీద నడుస్తున్న మనిషి ఆగి మావైపు తిరిగాడు.

నా చేతిమీద దీవెన వేళ్లు బిగుసుకున్నాయి. అతనికి వినబడేలా, నవ్వుతూ అంది: "మాకేం ఇబ్బందుల్లేవండీ."